గయానాకు విమానం, సురినామ్‌కు పడవ

దక్షిణ అమెరికా పటంలో ఈశాన్య మూలన వెనెజువెలాకూ బ్రెజిల్‌కూ అట్లాంటిక్‌కూ మధ్య ఇరుక్కున్నట్టు రెండు దేశాలుంటాయి. పడమటిది గయానా, తూర్పుది సురినామ్, నడుమ కొరెంటైన్ నది. రెండింటి కిందా ఉన్నది గయానా షీల్డ్ అనే ఒకే పురాతన రాతినేల. రెండింటి మీదా పరచుకున్నది ఒకే వానల అడవి. రెండు చోట్లా జనం సముద్రపు ఒడ్డున సన్నని పట్టీలో సర్దుకుని, లోపలి నేలనంతా దాదాపుగా చెట్లకే వదిలేశారు. సురినామ్‌లో అడవి వాటా 90 శాతం పైమాటే, ఆ లెక్కలో ప్రపంచంలో ముందున్న దేశం అదే. గయానా కూడా పెద్దగా వెనకబడి లేదు. బ్రిటిష్ వాళ్ల చేతి కింద ఉన్న గయానా 1966లో స్వతంత్రమైతే, డచ్చి వాళ్ల కింద ఉన్న సురినామ్ 1975లో అయింది.

ఇంత దగ్గరి పోలికలున్న రెండు దేశాలకు ప్రయాణం కట్టాలంటే మాత్రం పద్ధతులు ఎక్కడా కలవవు. ముందు ఒక భ్రమ వదిలించుకోవాలి. చిన్న దేశాలే కదా, వారం పది రోజుల్లో రెండూ చుట్టేద్దాం అనుకుంటారు చాలామంది. సురినామ్ విస్తీర్ణం దాదాపు మన ఆంధ్రప్రదేశ్ అంత. గయానా ఇంకా పెద్దది, 2,15,000 చదరపు కిలోమీటర్లు. చిన్నది జనాభా. సురినామ్ మొత్తంలో ఉన్న జనం మన వరంగల్ నగర జనాభాకు కూడా తక్కువ. జనం తక్కువైతే రోడ్లు తక్కువ, బస్సులు తక్కువ, హోటళ్లు తక్కువ. అక్కడ దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే లెక్క తప్పుతుంది.

ట్రావెల్ ఏజెన్సీలు అమ్మే కార్యక్రమాలు రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. ఏ రోజు ఎక్కడ పడుకుంటాం, ఏది మొదట చూస్తాం, దేనికి గంట ఇచ్చారు, దేనికి పూట ఇచ్చారు అన్న దాన్ని బట్టి ఆ దేశం అడవిని మనకు ఎలా చూపించదలిచిందో తెలిసిపోతుంది. గయానా కార్యక్రమం మొదటి పేజీలో ఒక జలపాతం ఉంటుంది. సురినామ్ కార్యక్రమంలో ఒక నది ఉంటుంది. తేడా అక్కడే మొదలవుతుంది.

ఆ జలపాతం కైయెటూర్. దాని గురించి చెడ్డగా రాయడం కష్టం. పొటారో నది 226 మీటర్ల ఎత్తు నుంచి ఎక్కడా మెట్టు తగలకుండా ఒక్క దూకుడుగా పడుతుంది. అంచున రెయిలింగు లేదు, టికెట్ల వరుస లేదు, మొక్కజొన్న కండెలు కాల్చే బండి లేదు. 1870లో బారింగ్టన్ బ్రౌన్ అనే భూగర్భ శాస్త్రవేత్త చూసినప్పటికీ ఇప్పటికీ అక్కడ మారింది బహు స్వల్పం. చుట్టూ ఉన్న నేలను 1929లోనే జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. రాజధాని జార్జ్‌టౌన్ పక్కనున్న ఓగిల్ విమానాశ్రయంలో చిన్న విమానం ఎక్కితే దాదాపు గంటలో దాని పక్కన దిగుతారు.

నాకు పేచీ ఉన్నది ఆ గంటతోనే. ఆ విమానం కిటికీలోంచి కనిపించేది ఎడతెగని పచ్చదనం. అందులో ఊరు లేదు, దారి లేదు, మనిషి లేడు. దిగాక రెండు గంటలు, మూడు వ్యూపాయింట్లు, తిరుగు విమానం. చీకటి పడేలోగా హోటల్ గదిలో ఫొటోలు సర్దుకుంటూ ఉంటారు. అంత ఖర్చు పెట్టి వానల అడవిని చూడబోయినవారు దాన్ని పైనుంచి చూసి వచ్చేస్తారు. పైగా తగినంతమంది ప్రయాణికులు పోగవకపోతే విమానం కదలదు, మబ్బు పట్టినా కదలదు. కార్యక్రమమంతా ఆ ఒక్క రోజు చుట్టూ కట్టుకున్నవారికి ఆ మబ్బు ఎంత చేటో చెప్పక్కర్లేదు.

అయినా ఆ రెండు గంటల్లోనూ చూడగలిగినవాళ్లకు ఒకటి దొరుకుతుంది. జలపాతానికి వెళ్లే కాలిబాట పక్కన మనిషెత్తు బ్రొమీలియాడ్ మొక్కలుంటాయి. ఒక్కో ఆకు మొదట్లో దొప్పలా మడత పడి, అందులో వాననీరు నిలుస్తుంది. గైడు మెల్లగా ఆకు ఒంచి చూపిస్తాడు. ఆ నీటి అంచున బంగారు రంగు కప్ప, పొడవు రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. పుట్టడం, పెరగడం, గుడ్లు పెట్టడం అంతా ఆ దొప్పల్లోనే. జలపాతం ముందు సెల్ఫీలకు పోయే సమయంలో సగం ఈ కప్పకు ఇస్తే ఆ విమానం టికెట్టుకు కొంత న్యాయం జరుగుతుంది.

ఇక సురినామ్. రాజధాని పరమారిబో నుంచి దక్షిణంగా తారురోడ్డు మీద మూడు నాలుగు గంటలు పోతే అచోనీ అనే రేవు వస్తుంది. రోడ్డు అక్కడితో సరి. ముందు ఉన్నది సురినామ్ నది ఎగువ భాగం, అక్కడి నుంచి పడవే గతి. కొర్యాల్ అంటారు వాటిని. ఒకే మాను తొలిచి, పక్కలకు పలకలు బిగించి, వెనక మోటారు తగిలించిన పొడవాటి పడవలు. రేవులో దిగగానే తెలిసేది ఇది పర్యాటకుల కోసం పెట్టిన రేవు కాదని. బియ్యం బస్తాలు, గ్యాస్ బండలు, కోడిపిల్లల పెట్టెలు, పట్నంలో చదివే పిల్లలు, ఆసుపత్రికి పోయి వస్తున్న ముసలమ్మ, అందరూ అదే నీటిదారిన ఊళ్లకు పోతుంటారు. మీ సూట్‌కేసు కూడా వాటి మధ్యే సర్దుకోవాలి.

పడవలో ఇద్దరు మనుషులుంటారు. వెనకవాడు మోటారు పట్టుకుంటే, ముందువాడు గడకర్ర పట్టుకుని నీటినే చూస్తుంటాడు. నది నిండా రాళ్లు. ఎక్కడ నీళ్లు నురగ కడుతున్నాయో, ఎక్కడ నున్నగా జారుతున్నాయో చూసి ముందువాడు చేత్తో సైగ చేస్తాడు. వెనకవాడు ఆ సైగకే పడవ తిప్పుతాడు. మాటల్లేవు. రాళ్ల మీద నుంచి నీళ్లు దూకే చోట్లను అక్కడ సూలా అంటారు. ఎండాకాలం చివర సూలాల్లో నీళ్లు తగ్గిపోతే ప్రయాణికులంతా దిగి రాళ్ల మీద నడవాలి, పడవను మనుషులు తోయాలి. కార్యక్రమంలో 'పడవ ప్రయాణం' అని ఒక్క ముక్కలో రాసి ఉన్నది నిజానికి ఇది. సురినామ్ మొత్తంలో నేను ఎక్కువ మార్కులు వేసేదీ దీనికే.

ఎందుకంటే ఈ నదిలో పోయేవారికి అడవి ఖాళీ స్థలంగా కనిపించే వీలు లేదు. ఒడ్డు పొడుగునా సరమాకా ప్రజల ఊళ్లు. డచ్చి వాళ్ల చెరకు తోటల్లో బానిసలుగా ఉండి తప్పించుకుని అడవిలోకి పారిపోయిన ఆఫ్రికన్ల సంతతి వీళ్లు. తరాల తరబడి తోటల మీద దాడులు చేసి, తమ మీదికి వచ్చిన సైన్యాలను తిప్పికొట్టి, 1762లో డచ్చి ప్రభుత్వం చేతనే శాంతి ఒప్పందం రాయించుకున్నారు. బ్రిటన్ తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేయడానికి డెబ్బై ఏళ్ల ముందు మాట ఇది. ఊరి మొదట్లో దారికి అడ్డంగా చీల్చిన తాటాకుల్లాంటి ఈనెలు తోరణంలా వేలాడుతుంటాయి. చెడు లోపలికి రాకుండా కట్టిన కట్టు అది. దాని కింద తల వంచి పోవాలి. కొన్ని చోట్లకు బయటివాళ్లు పోకూడదు. ఫొటో తీసే ముందు అడగాలి, వద్దంటే ఫోను జేబులో పెట్టుకోవాలి.

అదే నదికి దిగువన ఇంకో కథ ఉంది. అచోనీ దారికి దగ్గర్లోనే బ్రోకోపోండో జలాశయం. అల్యూమినియం కార్ఖానాకు కరెంటు కోసం ఆఫోబాకా దగ్గర ఆనకట్ట కట్టి 1964లో నీళ్లు నింపడం మొదలుపెట్టారు. దాదాపు 1,500 చదరపు కిలోమీటర్ల అడవి మునిగింది. సరమాకా ఊళ్లూ మునిగాయి, వేలమంది కొత్త చోట్లకు కదలవలసి వచ్చింది. నీళ్లు పెరుగుతుంటే చెట్ల కొమ్మల్లో చిక్కుకున్న జంతువులను కాపాడటానికి పెద్ద ఉద్యమమే నడిచింది. పదివేల దాకా జంతువులను పడవల్లో ఎక్కించి ఒడ్డుకు చేర్చారు. ఆ సాహసం మీద పుస్తకం వచ్చింది. ఊళ్లు మునిగిన మనుషుల కథ వేరు. పోలవరం ముంపు మండలాల గురించి తెలిసినవాళ్లకు ఇంతకంటే వివరం అక్కర్లేదు. చనిపోయిన చెట్ల మోళ్లు నేటికీ నీటి పైకి లేచి ఉంటాయి. వాటి మధ్య నుంచి సాయంత్రం పడవ షికారు, ఏజెన్సీ కాగితంలో 'సుందర దృశ్యం'.

సరమాకా వాళ్లు అక్కడితో ఆగిపోలేదు. తమ నేలలో కలపకూ గనులకూ ప్రభుత్వం అడక్కుండా అనుమతులిస్తోందని అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లి 2007లో గెలిచారు. ఆ పోరాటం నడిపిన వాజెన్ ఎడువార్డ్స్, హ్యూగో జబీనీలకు 2009లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. మీరు దిగే లాడ్జి ఎవరి నేల మీద ఉందన్న ప్రశ్నకు ఇక్కడ చట్టపరమైన జవాబే ఉంది. ప్రయాణం కట్టేటప్పుడు ఆ ప్రశ్న అడగండి. ఊరివాళ్లే నడిపేవి ఉన్నాయి, పట్నం కంపెనీలు నడిపేవీ ఉన్నాయి.

అలాగని సురినామ్‌ను నెత్తికెత్తుకోనక్కర్లేదు. లాడ్జీలు కొన్ని ఊళ్లకు ఎడంగా ఉంటాయి. 'సాయంత్రం నాలుగింటికి గ్రామ సందర్శన, రాత్రి నృత్యం' అని మనుషులను కూడా కార్యక్రమంలో ఒక గంటగా మార్చేసిన ఏజెన్సీలకు లోటు లేదు. ఇంకో సంగతి. ఇన్ని ఊళ్లున్న నది ఒడ్డున పెద్ద జంతువులు కనిపిస్తాయని ఆశ పెట్టుకోకూడదు. ఇది వేటాడి తినే జనం ఉన్న అడవి. కోతులు, పక్షులు, కప్పలు, రాత్రిళ్లు కీచురాళ్ల హోరు దక్కుతాయి. జాగ్వార్ ఫొటో కావాలనుకునేవారు కొరెంటైన్ నది దాటి పడమటికి పోవాల్సిందే.

పడమటికి పోతే, జలపాతాన్ని పక్కన పెట్టిన గయానా వేరే దేశం. జార్జ్‌టౌన్ నుంచి లిండెన్ మీదుగా బ్రెజిల్ సరిహద్దులోని లెథెమ్ దాకా 500 కిలోమీటర్ల పైచిలుకు దారి. లిండెన్ దాటాక చాలా మేర ఎర్రమట్టి. వానల్లో మినీబస్సు చక్రాలు ఎక్కడ కూరుకుపోతే అక్కడే రాత్రి. దారి మధ్యలో కురుపుకారి దగ్గర ఎస్సెక్విబో నది అడ్డం వస్తుంది. 1933లో ఇంగ్లిషు రచయిత ఈవ్లిన్ వా కురుపుకారి మీదుగానే బ్రెజిల్‌లోని బోవా విస్టా దాకా పోయి, అక్కడి నుంచి మనౌస్‌కు పడవ దొరక్క వెనక్కి తిరిగాడు. ప్లాను చెడిన ఆ ప్రయాణంలోంచి ఒక యాత్రాగ్రంథమూ, 'ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ డస్ట్' నవల చివరి భాగమూ పుట్టాయి. మనకు అంత గిట్టుబాటు కాకపోవచ్చు.

కురుపుకారి దగ్గరే ఇవోక్రమా అడవి. 1989లో కామన్వెల్త్ దేశాల సమావేశంలో అధ్యక్షుడు డెస్మండ్ హోయ్ట్ సుమారు 3,71,000 హెక్టార్ల అడవిని ప్రపంచానికి పరిశోధన కోసం ఇస్తానని ప్రకటించాడు. 1996లో దానికి చట్టం చేశారు. చెట్ల తలల మధ్య వేలాడే నడకవంతెన అక్కడుంది, నేల నుంచి దాదాపు 30 మీటర్ల ఎత్తు. విమానం కిటికీలోంచి బల్లపరుపుగా కనిపించిన ఆ పచ్చదనమే ఇక్కడ విడివిడి చెట్లుగా కనిపిస్తుంది. ఏ కొమ్మ మీద ఏ పూత, ఏ పూత మీద ఏ పిట్ట అన్నది తెల్లవారుజామున గంటసేపు కదలకుండా నిలబడితే పోల్చుకోవచ్చు. దాన్ని దాటితే మకూషీ ప్రజల ఊరు సురమా. అతిథి గృహం ఊరిదే, గైడ్లు ఊరివాళ్లే. ఇంకా దక్షిణాన అడవి అంతమై రుపునూని గడ్డిమైదానం మొదలవుతుంది. ఒంటరిగా నడిచే పెద్ద చీమతిండి, నల్ల మొసళ్లు, అరపైమా చేపలు, మనిషంత పొడవుండే నీటికుక్కలు. కరనాంబూ పశువుల క్షేత్రంలో డయాన్ మెక్‌టర్క్ అనాథ నీటికుక్క పిల్లలను దశాబ్దాల పాటు పెంచి నదిలో వదిలిన చోటు ఇదే. జంతువుల విషయంలో సురినామ్ నది దీని దరిదాపులకు రాదు.

అంటే గయానాలో మంచిదంతా కార్యక్రమం చివరి పేజీల్లో ఉంది. ఏజెన్సీలు దాన్ని 'అదనపు రోజులు' అని అమ్ముతాయి. నేనైతే తిరగేస్తాను. మొదట లెథెమ్‌కు విమానం, అక్కడి నుంచి ఉత్తరంగా మైదానం, సురమా, ఇవోక్రమా, రోడ్డు మీదుగా జార్జ్‌టౌన్. డబ్బూ రోజులూ మిగిలితే, మబ్బు లేకపోతే, కైయెటూర్. మిగలకపోతే విచారించాల్సింది లేదు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. గయానా సముద్రంలో 2015లో చమురు దొరికింది, 2019 డిసెంబరులో తోడటం మొదలైంది. అప్పటి నుంచి జార్జ్‌టౌన్ హోటళ్లు చమురు కంపెనీల జీతాలను చూసి ధర చెబుతున్నాయి. లోపలి లాడ్జీలకు సరుకు, మనుషులు అన్నీ విమానంలోనో ఆ మట్టిరోడ్డులోనో రావాలి, ఆ ఖర్చూ మనమీదే. సురినామ్ ఇంకా చవక. అక్కడి సముద్రంలోనూ చమురు పడింది కాబట్టి ఎంతకాలమో.

రాజధానులు రెండూ చెక్క నగరాలే. పరమారిబో పాత పట్నానికి 2002లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అక్కడ యూదుల ప్రార్థనాలయమూ మసీదూ గోడకు గోడ ఆనుకున్నట్టు ఉంటాయి. జార్జ్‌టౌన్‌లో సెయింట్ జార్జ్ చర్చి, సముద్రపు గోడ, తూములు. పోటు వచ్చినప్పుడు నగరం సముద్రమట్టానికి కిందే ఉంటుంది. చూడటానికి పరమారిబో బాగుంటుంది. వినడానికి జార్జ్‌టౌన్ బాగుంటుంది, ఎందుకంటే అక్కడ ఇంగ్లిషు, మాట కలుస్తుంది. సురినామ్‌లో డచ్చి తెలియాలి. కాకపోతే జనాభాలో నాలుగోవంతు పైన ఉన్న హిందుస్తానీల సర్నామీ భాష భోజ్‌పురి బిడ్డ కాబట్టి, హైదరాబాద్ హిందీతో కూడా రోటీ కొట్టులో పని జరిగిపోతుంది.

తెలుగువాళ్లకు గయానాతో ఇంకో సంబంధం ఉంది. 1838 నుంచి 1917 దాకా బ్రిటిష్ గయానా చెరకు తోటలకు రెండు లక్షలకు పైగా కూలీలు ఓడల్లో పోయారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి, కొంతమంది మద్రాసు రేవు నుంచి. మద్రాసు ఓడల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడ అందరినీ కలిపి మద్రాసీలన్నారు. భాషలు పోయాయి, పూజ మిగిలింది. బెర్బిస్ ప్రాంతంలో కాళీమాయి కొలువు, డప్పులు, పూనకం నేటికీ ఉన్నాయి. 2015 నుంచి 2020 దాకా ప్రధానమంత్రిగా ఉన్న మోజెస్ వీరసామి నాగమూటూ ఆ మద్రాసీల్లోనివాడే, వాళ్ల ఊరి మీద నవల కూడా రాశాడు. వెస్టిండీస్ ఎడమచేతి స్పిన్నర్ వీరసామి పెర్మాల్ పేరు విని మన కామెంటేటర్లు ఉలిక్కిపడింది ఇందుకే. సురినామ్‌కు 1873 నుంచి కలకత్తా ఓడలే పోయాయి, కనుక అక్కడ ఈ చుట్టరికం లేదు. జలపాతానికి పోయే విమానం రద్దయిన రోజున హోటల్లో కూర్చోకుండా బెర్బిస్ వైపు బస్సెక్కితే ఆ రోజు దండగ కాదు.

రెండింటినీ కలిపి చేయాలనే కోరిక అక్కడే పుడుతుంది, ఎందుకంటే బెర్బిస్ దాటితే కొరెంటైన్ రేవు, అవతల సురినామ్. మోల్సన్ క్రీక్ నుంచి సౌత్ డ్రెయిన్‌కు ఫెర్రీ ఉంది. కుదరదని కాదు. కానీ ఈ దాటుడులో పోయేది తీరం మీద ఒక రోజంతా, ఇమిగ్రేషన్ వరుసలతో సహా. ఆ రోజు లోపలి అడవికి ఇవ్వాల్సిన రోజుల్లోంచే పోతుంది. పది పన్నెండు రోజుల సెలవులో రెండు దేశాలూ అంటే రెండు రాజధానులూ ఒక ఫెర్రీ అని అర్థం.

న్యూజెర్సీ, న్యూయార్క్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లకు గయానా దగ్గర, జేఎఫ్‌కే నుంచి సూటి విమానమే ఉంది. వాళ్లు రుపునూని పెట్టుకోవడం మేలు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో బయలుదేరేవాళ్లకు ఈ రెండు దేశాలకూ సూటి విమానం లేదు. అమెరికా మీదుగా పోతే విమానాశ్రయంలో మారడానికి కూడా అమెరికా వీసా కావాలి. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పరమారిబోకు నేరుగా విమానాలున్నాయి కాబట్టి మొదటిసారి వెళ్లేవారికి నేను సురినామ్‌నే చెబుతాను. తారురోడ్డు రేవు దాకా ఉంది, ఖర్చు తక్కువ, 2025లో మలేరియా లేని దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం కూడా వచ్చింది. గయానా లోతట్టులో, ముఖ్యంగా బంగారు గనుల వైపు, మలేరియా ఇంకా ఉంది. వెళ్లే ముందు డాక్టరును అడిగి మాత్రలు తీసుకోవాలి.

కాలం చూసుకోవాలి. రెండు చోట్లా పెద్ద వానలు మే నుంచి ఆగస్టు నడిమి దాకా, చిన్న వానలు డిసెంబరు, జనవరి ప్రాంతంలో. సెప్టెంబరు, అక్టోబరు గయానా మట్టిరోడ్డుకు బాగుంటాయి. సురినామ్ పడవకు మరీ ఎండిన అక్టోబరు కంటే ఫిబ్రవరి, మార్చి నయం, సూలాల్లో నీళ్లుంటాయి. శాకాహారులు జార్జ్‌టౌన్‌లో దాల్‌పూరీతో, పరమారిబోలో రోటీతో నెట్టుకురాగలరు. నది మీద మాత్రం కర్రపెండలం రొట్టె, చేప. ఆవకాయ సీసా బరువు లెక్కలో వేసుకోండి, చిన్న విమానాల్లో సామాను తూస్తారు.

ఏ దేశం ఎంచుకున్నా యెల్లో ఫీవర్ టీకా తప్పదు, హైదరాబాద్‌లోనైతే నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు. బయలుదేరడానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుని ఆ పసుపు కార్డు పాస్‌పోర్టులోనే పెట్టుకోవాలి. దాన్ని గట్టిగా అడిగేది మన దేశమే. కార్డు లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలో దిగాక ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు.